గూడ్సు రైళ్లు ఢీకొంటే దర్యాప్తు ఎలా చేయాలి? పేరు దొరికిన చోట ఆగకండి

రెండు రైళ్లు ఢీకొన్న చోటికి మీరు చేరేసరికే ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. "డ్రైవర్ ఎర్ర సిగ్నల్ దాటేశాడు" అంటారు, లేదా "పాయింటు సరిచేయడం మరిచిపోయారు" అంటారు. పాయింటు అంటే రైలును ఒక లైను నుంచి మరో లైనుకు మళ్లించే పట్టాల ఏర్పాటు. చాలాసార్లు ఆ జవాబు నిజమే. దానితోనే నివేదిక ముగిస్తే మాత్రం అదే ప్రమాదం మరోచోట మళ్లీ ఎదురవుతుంది.

అమెరికాలోని సౌత్ కరొలైనా రాష్ట్రంలో సరిగ్గా ఇదే జరిగింది. 2005 జనవరి 5 సాయంత్రం గ్రానిట్‌విల్ అనే ఊళ్లో ఒక గూడ్సు సిబ్బంది తమ రైలును సైడింగ్‌లో, అంటే మెయిన్ లైను పక్కనున్న విడి లైనులో పెట్టారు. వారి 12 గంటల డ్యూటీ గడువు ముగియవస్తోంది. మెయిన్ లైను పాయింటును తిరిగి సరిచేయకుండానే వెళ్లిపోయారు. ఆ లైనులో సిగ్నళ్లు లేవు. మర్నాడు తెల్లవారుజామున 2.39కి గంటకు 47 మైళ్లు, అంటే సుమారు 76 కిలోమీటర్ల వేగంతో వచ్చిన మరో గూడ్సు అదే పాయింటు మీదుగా సైడింగ్‌లోకి మళ్లి, ఆగి ఉన్న రైలును ఢీకొంది. ఒక క్లోరిన్ ట్యాంకు చిల్లుపడింది. 9 మంది చనిపోయారు, సుమారు 5,400 మంది ఇళ్లు ఖాళీ చేయాల్సి వచ్చింది.

పదమూడేళ్ల తర్వాత, 2018 ఫిబ్రవరి 4న, అదే రాష్ట్రంలోని కేసీ వద్ద మళ్లీ తెల్లవారుజామున రెండు గంటలు దాటాక, మళ్లీ చేతితో తిప్పే పాయింటు దగ్గర, మళ్లీ ఆగి ఉన్న గూడ్సు. ఈసారి దాన్ని ఢీకొన్నది ప్రయాణికుల రైలు. దాని డ్రైవరూ కండక్టరూ చనిపోయారు. ఆ లైనుకు సిగ్నళ్లు ఉన్నాయి. రైళ్లు ఢీకొనకుండా ఆపే కొత్త వ్యవస్థను అమర్చే పని జరుగుతున్నందున వాటిని ఆ సమయంలో నిలిపివేశారు.

ఈ రెండు రాత్రులను మనసులో ఉంచుకుని మిగతాది చదవండి. మొదటిసారి దర్యాప్తు బృందంలో అడుగుపెడుతున్నవారి కోసం రాస్తున్నాను.

ముందు ప్రాణాలు, వాటిలో మీదీ ఒకటి

పక్క లైన్లలో రైళ్లు ఆగాయని, విద్యుత్ తీగల్లో సరఫరా తీసేశారని కంట్రోల్ ఆఫీసు నుంచి స్పష్టంగా మాట తీసుకునేదాకా పట్టాల మీదికి వెళ్లకండి. ఏ వ్యాగన్‌లో ఏముందో చెప్పే జాబితాను అక్కడి నుంచే తెప్పించుకోండి. నుజ్జయిన ఇంజిన్ క్యాబిన్‌లో దాని కోసం వెతకడం ప్రమాదకరం. ట్యాంకు వ్యాగన్ మీద నాలుగంకెల సంఖ్య ఉంటే దూరం నుంచే బైనాక్యులర్‌తో చదవండి. 1017 అని ఉంటే అది క్లోరిన్. అది గాలికన్నా బరువైన వాయువు, పల్లపు నేలలో పేరుకుని అక్కడే కూర్చుంటుంది. అందుకే గాలి మీ వీపు మీదుగా ప్రమాద స్థలం వైపు వీచేలా, ఎత్తైన చోట నిలబడండి. అగ్నిమాపక బృందం వెళ్లమనేదాకా దర్యాప్తు మొదలుకాలేదనే అనుకోండి.

ముందు చెరిగిపోయేదాన్ని ముందు పట్టుకోండి

సాక్ష్యాలన్నింటికీ ఒకే ఆయుష్షు ఉండదు. విరిగిన పట్టా రేపు కూడా విరిగే ఉంటుంది. స్లీపర్ల మీద చక్రపు ఫ్లాంజి, అంటే చక్రం లోపలి అంచు, కోసిన గుర్తులను మాత్రం సహాయక క్రేను ఒక్క గంటలో తొక్కేస్తుంది. బ్రేకు పైపులో గాలిని తెరిచే, మూసే కాక్‌ల స్థితిని ఎవరో ఒకరు మంచి ఉద్దేశంతోనే మార్చేస్తారు. రేడియో సంభాషణల రికార్డింగు కొన్ని వ్యవస్థల్లో దానంతటదే చెరిగిపోతుంది. డ్రైవర్ జ్ఞాపకం నలుగురితో మాట్లాడేకొద్దీ రూపు మారుతుంది. అమెరికా నిబంధనల ప్రకారం ఇంజిన్‌లోని ఈవెంట్ రికార్డర్ చివరి 48 గంటల నడకను నిల్వ చేయాలి. ఆ ఇంజిన్‌ను లాగి తీసుకెళ్లి వేరే చోట నడిపితే పాత సమాచారం మీద కొత్తది పడే ముప్పు ఉంటుంది. కాబట్టి చేరిన వెంటనే చేయాల్సిన పని ఫోన్లు తిప్పడం. రికార్డింగులు భద్రపరచమని కంట్రోల్ ఆఫీసుకు, సిగ్నల్ విభాగానికి, ఫోను కంపెనీకి లిఖితపూర్వకంగా పంపండి. సిబ్బంది రక్తం, మూత్రం నమూనాలు నిబంధన ప్రకారం సకాలంలో తీశారో లేదో కనుక్కోండి.

తర్వాత కెమెరా పట్టుకుని నడవండి. ఢీకొన్న చోటి నుంచి రైలు వచ్చిన దిశలో వెనక్కి నడవడం నా సలహా. అందరూ శిథిలాల దగ్గరే గుమిగూడతారు, అసలు కథ తరచుగా కిలోమీటరు వెనక ఉంటుంది. కిలోమీటరు రాయి లాంటి కదలని గుర్తు ఒకటి ఎంచుకుని, ప్రతి దూరాన్నీ దాని నుంచే కొలవండి.

పాయింటు దగ్గర తొందరపడకండి. హ్యాండిల్ ఏ వైపు ఉంది, తాళం వేసి ఉందా, నాలుక పట్టా పక్క పట్టాకు ఎంత ఆనుకుని ఉంది అన్నవి మిల్లీమీటర్లలో రాసుకుని, స్కేలు పెట్టి ఫొటో తీసేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వకండి. దేన్ని చూసినా మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న వేసుకోండి: ఇది ప్రమాదానికి ముందే ఇలా ఉందా, ప్రమాదం వల్ల ఇలా అయిందా? విరిగిన ఇనుము అంచును దగ్గరగా చూస్తే ఇది తెలుస్తుంది. అప్పుడే విరిగిన చోట లోహం గింజలు గింజలుగా మెరుస్తుంది. పాత పగులు ఉన్న మేర నల్లబడి లేదా తుప్పు పట్టి ఉంటుంది. ఆ రెండూ కలిసే గీతను ఫొటో తీయండి. ఆ ముక్కలను మళ్లీ ఒకదానికొకటి ఆనించి చూడాలన్న కోరికను ఆపుకోండి, ఆ రాపిడికి అంచు మీది ఆధారం పోతుంది.

రిలే గదికి తాళం వేయించండి

సిగ్నల్ సామగ్రి ఉన్న గదిని సీలు చేయించి, లోపలికి వెళ్లినవారి పేరు, సమయం నమోదు చేయించండి. ఏ రిలే, అంటే సిగ్నళ్లను నడిపే ఏ విద్యుత్ స్విచ్చు, పైకి ఉంది, ఏది కిందికి ఉంది అన్నది కరెంటు పోకముందే ఫొటోల్లో ఉండాలి. సిగ్నళ్ల మార్పులను సమయంతో సహా నమోదు చేసే డేటా లాగర్ సమాచారాన్ని ఇద్దరు సాక్షుల ముందు కాపీ చేయించండి. ఈమధ్య ఆ గదిలో ఎవరైనా మరమ్మతు చేశారా అని తప్పకుండా అడగండి. 1988 డిసెంబరులో లండన్‌లోని క్లాఫమ్ జంక్షన్ దగ్గర 35 మంది చనిపోయింది తీసేయాల్సిన ఒక పాత తీగ వల్ల. ఆ తీగ కొసను కత్తిరించకుండా వదిలేశారు. అది కదిలి మళ్లీ రిలే టెర్మినల్‌కు తగలడంతో ఎర్రగా ఉండాల్సిన సిగ్నల్ ఎర్రబడలేదు. ఆ పని చేసిన సాంకేతిక ఉద్యోగికి అంతకుముందు 13 వారాల్లో దొరికిన సెలవు ఒక్క రోజు. చేసిన పనిని మరొకరు తీగలు లెక్కపెట్టి సరిచూడాల్సింది, ఎవరూ చూడలేదు. తీగ దొరికాక కూడా ప్రశ్నలు ఆపని విచారణ కాబట్టే ఆ ఒక్క రోజు సెలవు సంగతి బయటికొచ్చింది.

గడియారాలను ఒక్క తాటి మీదికి తెండి

నన్నడిగితే దర్యాప్తులో సగం పని ఇదే. కొత్తవారు తేలిగ్గా తీసుకునేదీ ఇదే. ఈవెంట్ రికార్డర్‌కు ఒక గడియారం ఉంటుంది, కంట్రోల్ ఆఫీసు కంప్యూటర్‌కు ఒకటి, సిగ్నల్ డేటా లాగర్‌కు ఒకటి, ఇంజిన్ ముందు కెమెరాకు ఒకటి, రేడియో రికార్డింగుకు మరొకటి. ఐదూ ఐదు సమయాలు చూపిస్తాయి. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో రైలు సెకనుకు 22 మీటర్లు పోతుంది. మూడు సెకన్ల తేడా వస్తే రైలు ఉన్న చోటు అరవై మీటర్లకు పైగా మారిపోతుంది. సిగ్నల్ ఎర్రబడింది రైలు దాటకముందా, దాటాకా అన్న వాదం ఆ అరవై మీటర్లలోనే తేలుతుంది.

చేయాల్సింది ఇది. రెండు రికార్డుల్లోనూ కనిపించే ఒకే సంఘటనను పట్టుకోండి. హారన్ మోత కెమెరా శబ్దంలో వినిపిస్తుంది, ఈవెంట్ రికార్డర్‌లోనూ నమోదవుతుంది. ఇంజిన్ మొదటి చక్రం కొత్త ట్రాక్ సర్క్యూట్‌లోకి, అంటే రైలు వచ్చిందని విద్యుత్తుతో గుర్తించే పట్టాల భాగంలోకి, అడుగుపెట్టిన క్షణం డేటా లాగర్‌లో పడుతుంది, కెమెరాలో ఆ అతుకు కనిపిస్తుంది. ఇలాంటి జతలు కనీసం రెండు, ఒకదానికొకటి బాగా దూరంగా ఉన్నవి తీసుకోండి. రెండు చోట్లా తేడా ఒకటే అయితే ఒక గడియారం ముందుందని అర్థం. తేడా పెరుగుతుంటే ఆ గడియారం నడకే సరిగా లేదు. అసలు రికార్డును ఎన్నడూ దిద్దకండి, సవరించిన సమయాన్ని పక్కన వేరే గడిలో రాయండి.

వేగాన్ని కూడా గుడ్డిగా నమ్మకండి. రికార్డర్ చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి వేగం చెబుతుంది. చక్రం వ్యాసం 1,000 మిల్లీమీటర్లని దానికి చెప్పి ఉంచితే, అరిగిన చక్రం నిజానికి 960 మాత్రమే ఉంటే, అది 50 అని చూపినప్పుడు అసలు వేగం 48. బ్రేకు పట్టి చక్రం జారితే రైలు పరుగెడుతుండగానే సున్నా అని రాస్తుంది. అందుకే చక్రం వ్యాసం కొలిచి రాసుకోవడం మరవకండి.

బ్రేకులు

దెబ్బతినని వ్యాగన్లన్నింటినీ పరీక్షించండి. బ్రేకు పైపు మొదటి నుంచి చివరిదాకా తెరిచే ఉందా, మధ్యలో ఏ కాక్ అయినా మూసి ఉందా, బ్రేకు దిమ్మెలు ఎంత అరిగాయి, పిస్టన్ ఎంత దూరం కదులుతోంది, ఎన్ని హ్యాండ్ బ్రేకులు బిగించి ఉన్నాయి అన్నవి వ్యాగన్ వారీగా రాయండి. బరువైన గూడ్సు పూర్తి వేగంలో ఉంటే ఆగడానికి కిలోమీటరున్నర దాటవచ్చు. ఎప్పుడు బ్రేకు వేస్తే ఎక్కడ ఆగేదన్న లెక్కకు ఈ కొలతలే పునాది.

మనుషులతో మాట్లాడే తీరు

ప్రమాదం నుంచి బయటపడిన డ్రైవర్ చేతులు వణుకుతూ మీ ముందు కూర్చుంటాడు. "సిగ్నల్ ఎర్రగా ఉంది కదా, మీరెందుకు చూడలేదు?" అని మొదలుపెట్టారంటే అక్కడితో ఆయన నోరు మూసుకుపోతుంది. "డ్యూటీకి వచ్చినప్పటి నుంచి మీకు గుర్తున్నది గుర్తున్నట్టు చెప్పండి" అని అడిగి ఊరుకోండి. మధ్యలో మౌనం వస్తే దాన్ని మీరు నింపకండి. ఒక్కొక్కరితో విడివిడిగా మాట్లాడండి. రికార్డర్ ఏం చెప్పిందో వారికి ముందే చెప్పకండి, చెబితే వారి జ్ఞాపకం దాని ప్రకారమే సర్దుకుంటుంది.

ఆ తర్వాత గడచిన 72 గంటలు తీసుకోండి. ఎప్పుడు పడుకున్నారు, ఎప్పుడు లేచారు, మధ్యలో ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, డ్యూటీకి రమ్మని ఫోను ఎప్పుడొచ్చింది, ఏ మందులు వాడారు? 2011 ఏప్రిల్‌లో అయోవా రాష్ట్రంలోని రెడ్ ఓక్ దగ్గర ఒక బొగ్గు రైలు ముందు ఆగి ఉన్న రైలును వెనక నుంచి ఢీకొని, దాని సిబ్బంది ఇద్దరూ చనిపోయారు. ఇద్దరూ నిద్రలోకి జారుకున్నారని దర్యాప్తు తేల్చింది. దాని వెనక వేళాపాళా లేని డ్యూటీలున్నాయి, ఆరోగ్య సమస్యలున్నాయి. చనిపోయినవారిని అడగలేం కాబట్టి డ్యూటీ పట్టికలు, ఫోను రికార్డులు, ఇంట్లోవారి మాటల నుంచే ఆ 72 గంటలను కూర్చుకోవాలి. ఇంట్లోవారి దగ్గరికి వెళ్లినప్పుడు నోట్‌బుక్ తీయకముందు కాసేపు కూర్చోండి.

వైద్య రికార్డులూ అడగండి. 2012 జూన్‌లో ఓక్లహోమాలోని గుడ్‌వెల్ దగ్గర రెండు గూడ్సు రైళ్లు ఎదురెదురుగా ఢీకొని ముగ్గురు చనిపోయారు. ఒక రైలు డ్రైవర్‌కు చూపు బాగా దెబ్బతిని సిగ్నళ్లు సరిగా ఆనని స్థితి ఉందని తేలింది. ఆ కళ్లతో ఆయన ఇంజిన్ ఎక్కగలిగాడంటే, వైద్య పరీక్షల పద్ధతిని కూడా విచారించాల్సిందే.

సాక్షులు అబద్ధం చెప్పకుండానే పొరబడతారన్నది కూడా గుర్తుంచుకోండి. 2008 సెప్టెంబరు 12న కాలిఫోర్నియాలోని చాట్స్‌వర్త్‌లో ప్రయాణికుల రైలు, గూడ్సు ఢీకొని 25 మంది చనిపోయారు. సిగ్నల్ ఆకుపచ్చగా ఉండటం చూశామని రైలు కండక్టర్, స్టేషన్ దగ్గరున్న మరికొందరు చెప్పారు. సిగ్నల్ రికార్డులు, పరీక్షలు అది ఎర్రగానే ఉందని తేల్చాయి. ఢీకొనడానికి 22 సెకన్ల ముందు డ్రైవర్ ఫోను నుంచి ఒక సందేశం వెళ్లినట్టు ఫోను కంపెనీ రికార్డుల్లో దొరికింది.

మరో మాట. శిక్ష వేసేవారు, కారణం వెతికేవారు ఒకరే అయితే ఎవరూ నిజం చెప్పరు. అమెరికాలో జాతీయ రవాణా భద్రతా బోర్డు, అంటే ఎన్‌టీఎస్‌బీ, రైల్వే సంస్థను, కార్మిక సంఘాలను దర్యాప్తులో భాగస్వాములుగా చేర్చుకుంటుంది. లాయర్లను, బీమా ప్రతినిధులను మాత్రం చేర్చుకోదు. ఆ బోర్డు నివేదికను నష్టపరిహారం దావాల్లో సాక్ష్యంగా వాడకూడదని చట్టమే ఉంది. మీ సంస్థలో అలాంటి చట్టపు రక్షణ లేకపోతే, మీరు ఇవ్వగలిగిన హామీ ఏదో, ఇవ్వలేనిది ఏదో ముందే నిజాయితీగా చెప్పండి.

అదే వెలుతురులో మళ్లీ నడిపి చూడండి

అదే రకం ఇంజిన్, అదే వేళ, వీలైతే అదే వాతావరణం. మెల్లగా వస్తూ, సిగ్నల్ రంగు స్పష్టంగా గుర్తుపట్టగలిగిన చోట ఆపి దూరం కొలవండి. ఎండ సిగ్నల్ అద్దంలో పడుతోందా, చెట్టు కొమ్మ అడ్డొస్తోందా, మలుపు దాటాక వెనకున్న మరో దీపంతో కలిసిపోతోందా చూడండి. క్యాబిన్‌లో నిలబడి చూడకండి, డ్రైవర్ కూర్చునే ఎత్తులో కూర్చుని చూడండి.

ఇప్పుడు ప్రశ్న మార్చండి

పొడవాటి కాగితం మీద సమయం, సంఘటన, ఆధారం అని మూడు గడులు గీసి అన్నీ వరసగా రాయండి. "చూడాల్సింది", "చేయాల్సింది" అన్న మాటలు అందులో ఎక్కడా రాకూడదు. జరిగింది మాత్రమే రాయండి. తర్వాత ప్రతి తప్పు పక్కన ఇలా అడగండి: ఈ మనిషి పొరబడిన తర్వాత రైలును ఆపడానికి ఇంకా ఏముంది?

గ్రానిట్‌విల్‌లో ఈ ప్రశ్నకు జవాబు, ఏమీ లేదు. పాయింటు తప్పుగా ఉందని సిబ్బందికి గుర్తుచేసేది లేదు, వచ్చే రైలుకు దూరం నుంచే చెప్పే సిగ్నల్ లేదు. తర్వాత కొత్త ఉత్తర్వులొచ్చాయి. పాయింటు స్థితిని సిబ్బంది కాగితం మీద నమోదు చేయాలి, కంట్రోలర్‌కు చెప్పాలి. కేసీలో పాయింటు సరిచేశామన్న మాట మీదే సిబ్బంది లైనును కంట్రోలర్‌కు తిరిగి అప్పగించారు. పాయింటు మాత్రం సైడింగ్ వైపే ఉంది. సిగ్నళ్లు పనిచేస్తుంటే అవి పట్టుకునేవి, ఆ రాత్రి అవీ లేవు. అందుకే ఎన్‌టీఎస్‌బీ, గూడ్సు కండక్టర్ పొరపాటుతో ఆగలేదు. సిగ్నళ్లు నిలిపివేసిన రోజుల్లో పెరిగే ముప్పును రైల్వే సంస్థ అంచనా వేయలేదని, తగ్గించలేదని ప్రధాన కారణాల్లోనే చెప్పింది.

ఇంకో పరీక్ష కూడా పెట్టండి. అంతే శిక్షణ, అంతే అనుభవం ఉన్న మరొకరిని ఆ సీట్లో, ఆ రాత్రి, అంతే నిద్రతో ఊహించుకోండి. వారూ అదే చేసి ఉండేవారనిపిస్తే మీ కారణం ఇంకా దొరకలేదు. నిబంధన ఉల్లంఘన కనిపించినప్పుడు అది ఆ ఒక్కరిదేనా అని చూడండి. 1987 జనవరిలో మేరీలాండ్‌లోని చేజ్ దగ్గర 16 మంది చనిపోయిన ప్రమాదంలో, గూడ్సు సంస్థ ఇంజిన్ క్యాబిన్‌లో సిగ్నల్ గురించి హెచ్చరించే ఈలకు టేపు చుట్టి ఉంది. అలాంటిది మీకు కనిపిస్తే షెడ్డులోని మిగతా ఇంజిన్లన్నీ తెరిపించి చూడండి. పది ఇంజిన్లలో టేపు ఉంటే మీ నివేదిక ఒక మనిషి గురించి కాదు.

కారణాలు ఎక్కువైతే నివేదిక బలహీనపడుతుందని కొందరు భయపడతారు. 2013లో లాక్-మెగాంటిక్ పట్టణంలోకి డ్రైవర్ లేకుండా దొర్లిపోయి 47 మందిని బలిగొన్న చమురు రైలు ప్రమాదంలో కెనడా రవాణా భద్రతా బోర్డు 18 కారణాలు, తోడ్పడిన అంశాలు గుర్తించింది. అవన్నీ అవసరమే.

సిఫార్సు రాసేటప్పుడు

"సిబ్బంది మరింత అప్రమత్తంగా ఉండాలి" అన్న వాక్యం మీ చిత్తుప్రతిలో ఉంటే కొట్టేయండి. అది సిఫార్సు కాదు. మనిషి ఆదమరిచినా పనిచేసేది ముందు వెతకండి, అది కుదరకపోతేనే హెచ్చరిక, అదీ కుదరకపోతేనే నిబంధన. కేసీ ప్రమాదం జరిగిన కొద్ది రోజుల్లోనే ఎన్‌టీఎస్‌బీ చేసిన అత్యవసర సిఫార్సు నాకు చాలా నచ్చుతుంది. సిగ్నళ్లు నిలిపివేసిన చోట పాయింటును సరిచేశామని సిబ్బంది చెప్పాక, ఆ చోటికి వచ్చే మొదటి రైలు నియంత్రిత వేగంతోనే రావాలి. అంటే చూపు ఆనే దూరంలో సగంలోనే ఆగగలిగే వేగం. పొరబడిన మనిషి మాట మీద ఆధారపడని రెండో కన్ను అది. కొత్త యంత్రం అక్కర్లేదు, ఆ రోజు నుంచే అమలు చేయవచ్చు.

పెద్ద పరిష్కారం అడగడానికీ వెనకాడకండి, కానీ అది వచ్చేదాకా మధ్యలో ఏం చేయాలో కూడా రాయండి. 1969లో కనెటికట్ రాష్ట్రంలోని డేరియన్ దగ్గర జరిగిన ప్రమాదం తర్వాత, రైలును దానంతటదే ఆపే వ్యవస్థ కావాలని ఎన్‌టీఎస్‌బీ కోరింది. పాజిటివ్ ట్రైన్ కంట్రోల్ అనే ఆ వ్యవస్థను తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది 2008లో, చాట్స్‌వర్త్ తర్వాత. చట్టం కోరిన లైన్లన్నింటిలో అమలు పూర్తయింది 2020 డిసెంబరులో. ఈ అర్ధ శతాబ్దంలో ఆ వ్యవస్థ ఆపగలిగి ఉండే ప్రమాదాలు 150కి పైగా జరిగాయి, 300 మందికి పైగా చనిపోయారు. అది ఉన్నా తక్కువ వేగంలో ముందున్న రైలు వెనక భాగాన్ని తగిలే ప్రమాదాలన్నింటినీ ఆపలేదు. కాబట్టి రైళ్లు మెల్లగా తిరిగే యార్డుల గురించి విడిగా రాయండి.

ప్రతి సిఫార్సుకు ఎవరు చేయాలి, ఎప్పటిలోగా చేయాలి, చేశారని ఎలా తెలుస్తుంది అన్న మూడూ ఉండాలి. త్రుటిలో తప్పిన ప్రమాదాలను పేరు బయటపడకుండా చెప్పుకునే వీలు కూడా అడగండి. అమెరికాలో ఫెడరల్ రైల్‌రోడ్ అడ్మినిస్ట్రేషన్ అలాంటి కార్యక్రమం నడుపుతోంది, వచ్చే సమాచారాన్ని రైల్వేలతో సంబంధం లేని నాసా స్వీకరిస్తుంది. సరిచేయని పాయింటును ఢీకొనకముందే గమనించిన వారెందరో ఉంటారు. భయం లేకపోతే వారు చెబుతారు.

ఆరు నెలల తర్వాత మళ్లీ వెళ్లండి

నివేదిక ఇచ్చాక ఆరు నెలలకు, పగలు కాకుండా ప్రమాదం జరిగిన వేళకే, అదే పాయింటు దగ్గరికి వెళ్లండి. అమలు చేశామని వచ్చిన ఉత్తరం చేతిలో ఉంచుకోండి. డ్యూటీలో ఉన్న సిబ్బందిని పరీక్షిస్తున్నట్టు కాకుండా, పాయింటు తిప్పాక ఇప్పుడు ఏం చేస్తున్నారో చూపించమని అడగండి. ఆ కాగితం పాయింటు దగ్గర నిలబడి రాస్తున్నారా, డ్యూటీ దిగాక గదిలో కూర్చుని రాస్తున్నారా చూడండి. డ్యూటీ గడువు పది నిమిషాల్లో ముగుస్తుంటే ఏం చేస్తారని అడగండి. వారి జవాబు ఉత్తరంలో ఉన్నదానికి భిన్నంగా ఉంటే, అది రాసుకుని మీ ఫైలు మళ్లీ తెరవండి.